గెడ్డలు కట్టిన కట్టడం

సినిమావాళ్ళకు ఈ చోటు ఎప్పటి నుంచో తెలుసు. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళే దారిలో, నగరానికి సుమారు 20 కి.మీ. దూరంలో, భీమిలి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఫ్రేములోకి సముద్రమూ జీడిమామిడి తోటలూ రాకుండా చూసుకుంటే చాలు, తెర మీద అది ఏ రాజస్థానో అనిపిస్తుంది. నిలువుగా లేచిన ఎర్రటి గోడలు, వాటి మధ్య మెలికలు తిరిగే సందులు, అడుగున మెత్తటి ఇసుక. ఎటు చూసినా నీటిచుక్క కనిపించదు. కానీ లెక్క వేరే మాట చెబుతుంది. ఏడాదికి 250 మి.మీ. లోపు వాన పడే ప్రాంతాన్ని మామూలుగా ఎడారి అంటారు. విశాఖ తీరంలో పడే వాన దాదాపు 1000 మి.మీ., అంటే ఆ హద్దుకు నాలుగు రెట్లు. ఎడారిలా కనిపించే ఈ రూపాన్ని చెక్కింది ఆ వానే. ఈ అధ్యాయంలోని వాదన మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడుతుంది. ఎర్రమట్టి దిబ్బలు ఇంకా పని సాగుతున్న ఒక కట్టడం, పనిచేస్తున్న మేస్త్రీ వాననీరు, అందుచేత దిబ్బలను కాపాడాలంటే ముందు నీళ్ళు వచ్చే దారినీ పోయే దారినీ కాపాడాలి. చుట్టూ కంచె వేసి, లోపల అందమైన భాగాన్ని అట్టేపెట్టినంత మాత్రాన పని అయిపోదు.

ఎడారుల్లోనూ పొడి నేలల్లోనూ మనిషి పెట్టిన గుర్తులను ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. జైపూర్‌లో సవాయి జయసింహుడు 18వ శతాబ్దిలో కట్టించిన సమ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తున్న నీడగడియారం. దాని నీడ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరగడం కంటికి కనిపిస్తుంది. అమెరికాలోని యూటా ఎడారిలో నాన్సీ హోల్ట్ 1973–76 మధ్య నాలుగు పెద్ద కాంక్రీటు గొట్టాలను పెట్టింది. ఉత్తరాయణం, దక్షిణాయనం మొదలయ్యే రోజుల్లో ఉదయించే సూర్యుడూ అస్తమించే సూర్యుడూ వాటి మధ్యకు సరిగ్గా వచ్చేటట్టు అమర్చింది. నెవాడాలో మైకేల్ హైజర్ 1969లో ఒక పీఠభూమి అంచును డైనమైటుతో, బుల్డోజర్లతో తొలిచి 457 మీటర్ల పొడవు, 15 మీటర్ల లోతు ఉన్న కందకం తవ్వించాడు. అందుకోసం 2,40,000 టన్నుల రాయి కదిలింది. 'డబుల్ నెగెటివ్' అన్న ఆ పనిని భూకళ చరిత్రలో మైలురాయిగా చెబుతారు. భీమిలి గెడ్డలు, అంటే వాన వాగులు, ఇలాంటి కందకాలను ఏ గ్యాలరీ డబ్బూ తీసుకోకుండా తవ్వుకున్నాయి. అయితే హైజర్ తన కందకాన్ని తిన్నగా తవ్వాడు, వంకరగా తవ్వాలనుకుంటే వంకరగా తవ్వి ఉండేవాడు. గెడ్డకు ఆ స్వేచ్ఛ లేదు. ప్రతి మలుపుకూ ఒక కారణం ఉండి తీరాలి, ఆ కారణం వాలులోనో మట్టిలోనో వెతికితే దొరుకుతుంది. దిబ్బలకున్న విలువలో ఎక్కువ భాగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. జైపూర్ యంత్రంలో విజ్ఞానం కట్టినవాడి బుర్రలోంచి రాతిలోకి వెళ్ళింది. ఇక్కడ మట్టిలో ఉన్నదాన్ని చూసేవాడు బుర్రలోకి ఎక్కించుకోవాలి.

మట్టితోనే మొదలుపెడదాం. గోడ కింద రాలి పడ్డ మట్టిని చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య గట్టిగా నలిపితే వేలికి కుంకుమలాంటి పొడి అంటుకుంటుంది, గాజురవ్వల్లాంటి గింజలు మిగులుతాయి. ఆ గింజలు క్వార్ట్జ్, వాటికి సొంత రంగు లేదు. ఎరుపంతా పైపూతది. ఆ పూత హెమటైటు, అంటే ఐరన్ ఆక్సైడు. బైలదిల్లా కొండల నుంచి కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం మీదుగా విశాఖ రేవుకూ ఉక్కు కర్మాగారానికీ వచ్చే ముడి ఇనుములో ఉన్నదీ ఇదే ఖనిజం. అక్కడ అది వ్యాగన్ల కొద్దీ వస్తుంది, ఇక్కడ గింజ చుట్టూ సన్నటి పొరలా ఉంటుంది. చిటికెడు మట్టిలో ఇంకా వెతికితే నల్లటి గింజలు కనిపిస్తాయి, వాటిలో చాలా వరకు ఇల్మనైటు. లేత గులాబీ రంగువి గార్నెట్లు. ఇవి ఎక్కడివో చెప్పడం కష్టం కాదు. సింహాచలం, కైలాసగిరి మొదలుకొని తూర్పు కనుమల్లో చాలా భాగం ఖోండలైటు అనే శిలతో ఏర్పడింది. గార్నెట్, సిల్లిమనైటు ఆ శిలలో ముఖ్యమైన ఖనిజాలు. వానకూ ఎండకూ ఆ శిల చివికిపోయినప్పుడు గార్నెట్‌లాంటి ఖనిజాల్లో ఉన్న ఇనుము బయటపడుతుంది. తడి కాలంలో అది కరిగి కదులుతుంది, పొడి కాలంలో ఆక్సైడుగా మారి గింజలకు పట్టుకుంటుంది. నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎండ అన్న మన రుతుచక్రం లేకపోతే ఈ పూత ఇంత గట్టిగా పడదు. తీరంలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో మూడు చోట్లే పేరుకెక్కాయి: భీమిలి దగ్గర, తమిళనాడులో తూత్తుకుడి, తిరునెల్వేలి వైపు ఉన్న తేరి ఇసుకల్లో, శ్రీలంకలో.

ఆ పూతే ఇక్కడి నిర్మాణ రహస్యం కూడా. పొడి ఇసుకను కుప్పపోస్తే దాని వాలు సుమారు 34 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, అంతకన్నా నిటారుగా నిలబడదు. సహారాలోనైనా విశాఖ రామకృష్ణా బీచిలోనైనా అంతే. ఎర్రమట్టి దిబ్బల గోడలు మాత్రం దాదాపు నిలువునా, మనిషికి ఎన్నో రెట్ల ఎత్తున నిలబడి ఉన్నాయి. గింజల మధ్య ఉన్న మెత్తటి బంకమన్ను, ఇనుప పూత కలిసి వాటిని అంటిపెట్టి ఉంచుతున్నాయి కాబట్టే ఇది సాధ్యమైంది. గాలి పోగుచేసిన వదులు ఇసుకమేటకు ఈ ఆకారం రాదు. ఇక కోత ఎలా పడుతుందో చూడాలి. వాన పెద్దగా కురిసినప్పుడు పైన గట్టిపడ్డ పెచ్చు నీటిని అంత తొందరగా ఇంకనివ్వదు. నీరు పారి, ఎక్కడ కాస్త పల్లముంటే అక్కడ చేరి, సన్నటి గాడి తీస్తుంది. గాడి తల భాగంలో నీరు కిందికి దూకుతుంది కాబట్టి కోత అక్కడే ఎక్కువగా పడుతుంది, గాడి ఎగువకు పాకుతుంది. పక్క గాడులు వచ్చి కలుస్తాయి. గోడ అడుగున నీరు ఊరితే అక్కడి బంక మెత్తబడుతుంది, పైనున్న దిమ్మ ఆధారం పోయి ఒక్కసారిగా విరిగి పడుతుంది. పడ్డ మట్టి మళ్ళీ వదులు ఇసుకే, తర్వాతి వానకు గెడ్డ దాన్ని సముద్రం వైపు ఈడ్చుకుపోతుంది. అందుకే గోడలు నిటారుగానూ, అడుగు చదునుగానూ ఉంటాయి. ఆ చదునైన ఇసుకను చూసి చాలామంది ఇదంతా గాలి పని అనుకుంటారు. అది వాగు పడక, వానాకాలం తర్వాత నీరు లేదు, అంతే. సందులు ఎగువన ఇరుకుగానూ, దిగువన వెడల్పుగానూ ఉండడం, పైనుంచి చూస్తే కొమ్మలు వేసినట్టు చీలిపోవడం, ఎక్కడైనా గట్టి ముద్ద అడ్డుపడితే దాని కింద స్తంభం మిగలడం, ఇవన్నీ పైన చెప్పిన నాలుగైదు సూత్రాల ఫలితాలే. ఇలాంటి నేలను భూవిజ్ఞానులు బ్యాడ్‌లాండ్స్ అంటారు.

కోత గోడను చెక్కడమే కాక లోపల ఉన్నదాన్ని బయటపెట్టింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1886లోనే ఈ దిబ్బల గురించి రాశాడు. ఆ తర్వాత చూసినవాళ్ళు వీటిలో నాలుగు వరుసలు గుర్తించారు. అడుగున పసుపు ఇసుక, దాని మీద సున్నపు గడ్డలున్న ఎర్ర గోధుమ ఇసుక, దాని మీద ఇటుక ఎరుపు ఇసుక, అన్నిటి పైన లేత పసుపు ఇసుకమేటలు. సున్నపు గడ్డల్లో కొన్ని వేళ్ళ చుట్టూ పేరుకున్నవి, అంటే ఒకప్పుడు ఆ పొరే నేలమట్టం, అక్కడ మొక్కలు పెరిగాయి. కథ ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర ఆసక్తికరంగా మారుతుంది. సుమారు 20,000 ఏళ్ళ కిందట, చివరి మంచుయుగం ముదిరినప్పుడు, ఉత్తర ఖండాల మీద మంచు పేరుకుని ప్రపంచమంతటా సముద్రమట్టం సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. విశాఖ తీరరేఖ పదుల కిలోమీటర్లు తూర్పుకు జరిగింది. ఇప్పుడు చేపల పడవలు తిరిగే చోటు అప్పుడు గాలికి బట్టబయలుగా పడి ఉన్న ఇసుక మైదానం. రుతుపవనాలు కూడా ఇప్పటికన్నా బలహీనంగా ఉండేవి. ఆ ఇసుకను గాలి లేపి కొండల వైపు తోసిందనీ, అక్కడ అది మేట వేసి, తర్వాత వానలు పెరిగిన కాలంలో ఎర్రబడిందనీ ఎక్కువగా వినిపించే వివరణ.

అది ఏకైక వివరణ కాదు. కొండల నుంచి దిగిన వాగులు, వాననీటి పారుదల ఈ మట్టిని తెచ్చి పోశాయని మరికొందరు వాదిస్తారు. గాలి మోసిన ఇసుక గింజలు దాదాపు ఒకే పరిమాణంలో ఉండాలి, గులకరాళ్ళు ఉండకూడదు. వాగు తెచ్చినదైతే చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. దిబ్బల్లో రెండు రకాల ఆధారాలూ దొరుకుతాయి, బహుశా వేర్వేరు పొరలకు వేర్వేరు జవాబులు ఉండవచ్చు. వయసు కట్టే పద్ధతి కూడా ఈ గోడల మీదే ఆధారపడి ఉంది. ఇసుకలో ఉండే యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే సహజ వికిరణం క్వార్ట్జ్ గింజలో కొద్దికొద్దిగా శక్తిని నిల్వ చేస్తుంది. ఎండ తగిలితే ఆ నిల్వ సున్నా అవుతుంది. గింజ మళ్ళీ భూమిలో పూడుకుపోయిన క్షణం నుంచి ఫోను బ్యాటరీ ఛార్జి ఎక్కినట్టు లెక్క మొదలవుతుంది. గోడలోకి వెలుతురు చొరని గొట్టం దిగ్గొట్టి, లోపలి ఇసుకను చీకట్లోనే ప్రయోగశాలకు తీసుకుపోయి, అది వెలువరించే మసక కాంతిని కొలిచి, ఏటా ఎంత వికిరణం తగిలేదో దానితో భాగిస్తే పూడిక వయసు వస్తుంది. ఇక్కడొక చిక్కుంది. ఈ తీరపు ఇసుకలో థోరియం ఉన్న మోనజైటు గింజలు కలిసి ఉంటాయి, కాబట్టి వికిరణపు లెక్క ప్రతి చోటా విడిగా కట్టాలి. ఒక పొర వయసు తెలిసిందని పక్క పొరకు అంటగట్టలేం. శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేని చోటును వారసత్వ సంపద అనడమేమిటని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో ఆ అడగడంలోనే జవాబుంది. తీర్పు అయిపోయిన కేసులో సాక్ష్యం పోయినా నష్టం తక్కువ. తీర్పు రాని కేసులో ఒక్క గోడ చదునైనా నష్టమే, ఎందుకంటే రేపటి పరికరం ఏ పొరను అడుగుతుందో ఇవాళ మనకు తెలియదు.

ఇంతకన్నా పదునైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. దిబ్బలు ఎలాగూ కోతకు గురవుతున్నాయి, ఏటా కొంత సముద్రంలోకి పోతోంది, కొన్ని వేల ఏళ్ళలో ఎలాగూ పోయేదానికి ఇంత హంగామా ఎందుకు? భూకళాకారులు దీన్ని మనకన్నా ముందే ఎదుర్కొన్నారు. రాబర్ట్ స్మిత్‌సన్ 1970లో యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లో నల్లరాళ్ళతో కట్టిన 'స్పైరల్ జెట్టీ' రెండేళ్ళలోనే నీట మునిగి, ముప్పై ఏళ్ళ తరవాత ఉప్పు పట్టి మళ్ళీ తేలింది. ఈజిప్టులో ఎర్రసముద్రపు ఒడ్డున 1997లో ముగ్గురు గ్రీకు మహిళలు లక్ష చదరపు మీటర్ల ఎడారిలో శంకువులతో, గుంటలతో రెండు సర్పిలాలు పేర్చారు. 'డెజర్ట్ బ్రెత్' అన్న ఆ పనిని గాలి నెమ్మదిగా చెరిపేస్తోంది, దాన్ని బాగుచేయకపోవడం కూడా అందులో భాగమే. అరిగిపోవడం, ధ్వంసం కావడం ఒకటి కావని వాళ్ళు తేల్చారు. దిబ్బల విషయంలో తేడా ఇంకా స్పష్టం. వాన కోసినప్పుడు పాత ముఖం పోయి లోపలి పొరల కొత్త ముఖం తెరుచుకుంటుంది. జేసీబీ చదును చేసినప్పుడు పొరలు కలగలిసిపోతాయి, ఏది కిందిదో ఏది పైదో ఇక ఎవరూ చెప్పలేరు.

అలాగైతే కోతనే ఆపేస్తే సరి కదా, గెడ్డలకు అడ్డంగా చెక్‌డ్యాములు కట్టి, గట్ల మీద సరుగుడు నాటితే దిబ్బలు చిరకాలం ఉంటాయి కదా అని మంచి మనసుతో సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. పొలం గట్టుకు ఇది మంచి సలహా. ఇక్కడ మాత్రం వైద్యం రోగిని చంపుతుంది. కోత ఆగితే గోడ అడుగున రాలిన మట్టి అక్కడే పేరుకుంటుంది, నిటారు గోడ 34 డిగ్రీల వాలుగా మారుతుంది, వాలు మీద గడ్డి, పొదలు లేస్తాయి, పొరలు కప్పబడిపోతాయి. మిగిలేది ఎర్రగా ఉండే ఒక మామూలు దిబ్బ. పైగా ఈ గెడ్డలు మోసే ఇసుక కింద ఒడ్డుకు చేరుతుంది. ఇసుకను ఒకచోట ఆపితే మరోచోట ఏమవుతుందో విశాఖకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ తీరంలో అలలు ఏటా పెద్దమొత్తంలో ఇసుకను దక్షిణం నుంచి ఈశాన్యానికి నడిపిస్తాయి. 1933లో రేవు తెరిచే ముందు, ఆ ఇసుక, అలలు ప్రవేశద్వారాన్ని మూసేయకుండా ఇంజనీర్లు రెండు పాత ఓడలను తెచ్చి, రాళ్ళు నింపి ముంచి అడ్డుకట్టగా వాడారు. అప్పటి నుంచీ రేవు దగ్గర ఆగిన ఇసుకను తవ్వి తీయాల్సిందే, అవతలి రామకృష్ణా బీచి కోసుకుపోకుండా ఆ ఇసుకను అక్కడ పోయాల్సిందే. ప్రకృతి తనంతట చేసే పనిని మనం ఆపితే, ఆ పని మన నెత్తిన పడుతుంది. దిబ్బలకు కావలసింది కోత లేకపోవడమూ కాదు, ఎక్కువ కావడమూ కాదు. ఇన్ని వేల ఏళ్ళుగా వాటికి అలవాటైన వేగం కావాలి. ఆ వేగాన్ని నిర్ణయించేది ఎగువన పడే నీరు ఎంత, ఎటు నుంచి వస్తోంది అన్నదే.

సందర్శకుల మాట కూడా అక్కడికే వచ్చి చేరుతుంది. జనం రాకపోతే ఎవరికీ పట్టదు, ఎవరికీ పట్టని చోటును ఆక్రమించడం తేలిక, కాబట్టి వ్యూ పాయింట్లూ మెట్లూ నడకదారులూ కట్టాలని పర్యాటకం వైపు నుంచి వాదిస్తారు. జనం రావాలన్న భాగంతో పేచీ లేదు. కానీ గట్టు అంచున కాంక్రీటు పలక వేస్తే దాని మీద పడిన వాన మొత్తం ఒక్క అంచు నుంచి జారుతుంది, సరిగ్గా అక్కడే కొత్త గాడి మొదలై ఆ పలకనే కూల్చేస్తుంది. గట్టు మీది పెచ్చు కాళ్ళ కింద పగిలినా అదే జరుగుతుంది. దీనికి విరుగుడు గెడ్డ పడకలోనే ఉంది. అడుగున ఇసుకలో ఎంతమంది నడిచినా పాదముద్రలను తర్వాతి వాన తుడిచేస్తుంది. జనాన్ని కింద నడిపించి, గట్ల మీదికీ గోడల మీదికీ ఎక్కనివ్వకపోతే ఖర్చూ తక్కువే, నష్టమూ తక్కువే. బొమ్మలు, నమూనాలు, వివరణలు ఏమైనా పెట్టాలంటే రోడ్డు పక్కన పెట్టవచ్చు. సెల్ఫీలకు ఎత్తైన చోటు పోతుందన్న ఫిర్యాదు వస్తుంది, రానివ్వండి.

హద్దు ఎక్కడ గీయాలన్నది అసలు చిక్కు. దిబ్బలు తీరం వెంట సుమారు 5 కి.మీ. పొడవున, 200 మీటర్ల నుంచి 2 కి.మీ. వెడల్పున పరుచుకున్నాయి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్ళాయి. తాత్కాలిక జాబితా అంటే పోటీకి పేరు ఇచ్చినట్టు, అసలు గుర్తింపు ఇంకా దూరం. సర్వేక్షణ సంస్థ ప్రకటనకు తనంతట చట్టబలం అంతగా లేదు. ఆ లోటు తీర్చడానికి 2022లో భూవారసత్వ స్థలాల ముసాయిదా బిల్లు ఒకటి వెలుగు చూసింది. మరోవైపు విశాఖ, భీమిలి మధ్య గజం స్థలం ధర ఎలా పెరిగిందో చెప్పనక్కరలేదు. 2024 జులైలో దిబ్బలను ఆనుకుని ఉన్న భూమిలో చదును పనులు మొదలైనప్పుడు నగరంలో పెద్ద గొడవే అయింది, అధికారులు పనులు ఆపించారు. ఆనాడు వాదులాట అంతా ఆ భూమి దిబ్బల్లో ఉందా, బయట ఉందా అన్నదాని చుట్టూ తిరిగింది. సర్వే నంబరు ప్రకారం బయట ఉన్న భూమి వాలు ప్రకారం లోపల ఉండవచ్చు. ఎగువన పదెకరాలు చదును చేసి రోడ్లు, పైకప్పులు, సిమెంటు ముంగిళ్ళు వేస్తే, అంతకు ముందు కొంత ఇంకిపోయే వాన ఇప్పుడు మొత్తంగా, ఒక్కసారిగా ఒకటి రెండు కాలువల నుంచి గెడ్డ తలలోకి దూకుతుంది. కంచె లోపల ఒక్క పార దిగకపోయినా ఏళ్ళ తరబడి పడాల్సిన కోత కొన్ని తుపాన్లలో పడిపోతుంది. ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకూ ఇది మేలు చేయదు. ఎండలో రాయిలా నిలిచే ఈ మట్టి లోపల తడి చేరితే బంక వదులుతుంది, పునాది కింద నేల కుంగుతుంది.

అందుచేత గీయాల్సిన హద్దు నీటి హద్దు. ఏ చోట పడిన వాన గెడ్డల్లోకి దిగుతుందో, ఏ చోట పడినది అవతలి వైపు పోతుందో కాంటూరు పటం చూసి ఏ సివిల్ ఇంజనీరైనా చెప్పగలడు. ఆ గీత లోపలి వైపు కొత్త లేఅవుట్లకు అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే అనుమతి పొందినవి ఆ గీతలోకి వస్తే వాటి వాననీటి కాలువలను గెడ్డ తలల వైపు వదలకుండా ఇంకుడు గుంతల్లోకో గీత అవతలి వైపుకో మళ్ళించాలి, ఖాళీ స్థలం మీద సిమెంటు పరవనివ్వకూడదు. యజమానులకు నష్టపరిహారమో వేరేచోట స్థలమో ఇవ్వాల్సి రావచ్చు, అది ప్రభుత్వం తేల్చాల్సిన బేరం. యునెస్కోకు పూర్తి దరఖాస్తు పెట్టేటప్పుడు స్థలంతో పాటు చుట్టూ రక్షణ వలయం ఎంతవరకో పటం మీద చూపించి, అంతే ఎందుకో సమర్థించుకోవాలి. ఆ వలయాన్ని రోడ్డు వెంటో, గ్రామ సరిహద్దు వెంటో గీసి పంపితే అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.